ఏడో తరగతికి కాలిక్యులస్ కావాలా?

ఇంజినీరింగ్‌లో చేరాక మనందరికీ జీతం లేని ఉద్యోగం ఒకటి వస్తుంది. పండక్కి ఊరెళ్తే చాలు, బంధువులందరికీ చదువుల సలహాదారులం అయిపోతాం. ఏ బ్రాంచి తీసుకోవాలి, ఏ లాప్‌టాప్ కొనాలి లాంటి వాటికి ఏదో ఒకటి చెప్పి బయటపడొచ్చు. కానీ మా పెదపారుపూడిలో ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్నకి మాత్రం అంత తేలిగ్గా జవాబు చెప్పలేం. "మావాడు ఆరోక్లాసుకొచ్చాడమ్మా, ఐఐటీ ఫౌండేషన్‌లో వెయ్యమంటావా?"

ఆ ప్రశ్న వెనక చాలా డబ్బుంది. పదకొండేళ్ల పిల్లాడి రాబోయే ఆరేడేళ్ల జీవితం ఉంది. అడిగినవాళ్లకి మనం "వేసెయ్యండి బాబాయ్" అన్నా, "ఎందుకు పిన్నీ దండగ" అన్నా నమ్మేస్తారు, ఎందుకంటే వాళ్లకి తెలిసిన ఇంజినీరింగ్ స్టూడెంట్ మనమే. అందుకే ఈ విషయం మన ఈ-మ్యాగజైన్‌లో మాట్లాడుకోవాలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లెక్కల్లో ముందుకెళ్లగలిగే పిల్లల్ని "నీ వయసుకి ఇంతే" అని ఆపకూడదు. అలాగని సెక్షన్ మొత్తాన్ని ఒకే బస్సెక్కించి ఇంటర్ సిలబస్‌లోకి తోలకూడదు. ముందు లోతు చూడాలి, తర్వాతే వేగం. మన దగ్గర ఆ లోతు ఎవరూ చూడట్లేదు. ఫీజు కట్టారా లేదా, అదొక్కటే చూస్తున్నారు.

ఇంటర్ నుంచి ఆరో క్లాసు దాకా

ఈ ఐఐటీ పిచ్చికి తెలుగునాట ఒక చరిత్ర ఉంది. 1980ల్లో రిటైరైన లెక్చరర్ చుక్కా రామయ్యగారు హైదరాబాద్ నల్లకుంటలో ఐఐటీ కోచింగ్ మొదలుపెట్టారు. ఆయన దగ్గర చేరడానికే ఎంట్రన్స్ రాయాల్సి వచ్చేది. ఐఐటీలో సీటు కంటే రామయ్యగారి దగ్గర సీటే కష్టమని అప్పట్లో చెప్పుకునేవారట. అక్కడ ఒక విషయం గమనించండి. ఆయన దగ్గరికెళ్లింది ఇంటర్ వయసు పిల్లలు. అప్పటికే పదో తరగతి లెక్కలు బాగా వచ్చినవాళ్లు.

తర్వాత పోటీ పెరిగింది. ఇంటర్‌లో మొదలెడితే చాలదని పదికొచ్చారు, పది చాలదని ఎనిమిదికి, ఎనిమిది చాలదని ఆరుకి దిగారు. ఊళ్లో నాటకం ఆడుతుంటే ముందు వరసలో ఒకడు లేచి నిలబడ్డాడనుకోండి. వెనకవాళ్లందరూ లేవక తప్పదు. కాసేపటికి అందరికీ కాళ్లు నొప్పులే గానీ స్టేజీ మాత్రం ఇందాక కనిపించినంతే కనిపిస్తుంది. ఇక్కడా అంతే. జేఈఈ మెయిన్ రాసేవాళ్లు దేశం మొత్తమ్మీద 14 లక్షల దాకా ఉంటారు. ఐఐటీలన్నీ కలిపి సీట్లు 18 వేలకి అటూ ఇటూ. ఆ 14 లక్షల మందీ ఆరో క్లాసులోనే మొదలెట్టినా సీట్లు అవే.

పైగా జేఈఈ సిలబస్ అంటే 11, 12 తరగతుల పాఠాలే. ఆరో క్లాసు నుంచి దాని కోసం చదవడమంటే రెండేళ్ల సిలబస్‌ని ఏడేళ్ల పాటు సాగదీయడం, లేదా అదే సిలబస్‌ని మూడుసార్లు తిప్పడం.

మా వైపు పరిస్థితి చెప్తాను. పొద్దున్నే మా మండలంలో ఏ ఊరి సెంటర్లో నిలబడినా పసుపు బస్సులు కనిపిస్తాయి. గుడివాడ వైపు కొన్ని, ఉయ్యూరు వైపు కొన్ని. బస్సు వెనక ర్యాంకుల ఫోటోలు, పక్కన "6వ తరగతి నుంచే ఐఐటీ, నీట్ ఫౌండేషన్" అని పెద్దక్షరాలు. ఆ ఫీజు ఎక్కడినుంచి వస్తుందంటే, కౌలు ధాన్యం అమ్మిన డబ్బులు, మినుముల మీద మిగిలిన నాలుగు రూకలు, చేపల చెరువు లీజు. చెరువులో తెగులొచ్చిందా, ఆ ఏడు ఫీజు అప్పే. అలా కట్టే తల్లిదండ్రుల్ని ఎగతాళి చెయ్యడం నాకు చేతకాదు. వాళ్ల లెక్క చాలా సూటిగా ఉంది. "ఎకరంన్నర మీద వీడు బతకలేడు. చదువొక్కటే దారి. పక్కింటివాడు ఆరు నుంచి చదువుతుంటే మావాడు ఇంటర్‌లో ఎట్టా తట్టుకుంటాడు?" ఈ భయానికి జవాబు చెప్పకుండా "పిల్లల్ని ఆడుకోనివ్వండి" అనడం తేలిక. అది సలహా అనిపించుకోదు.

అడ్వాన్స్‌డ్ అంటే ఏది?

నేను ఆరు నుంచి పది దాకా ఫౌండేషన్ సెక్షన్‌లోనే చదివాను. స్కూలు పేరు ఇక్కడ అనవసరం. ఏడులో ట్రిగనామెట్రీ, ఎనిమిదిలో లాగరిథమ్స్, తొమ్మిదికొచ్చేసరికి డిఫరెన్సియేషన్. ఎక్స్ స్క్వేర్‌ని డిఫరెన్షియేట్ చేస్తే టూ ఎక్స్ అని మా సెక్షన్‌లో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. పవర్ ముందుకి తేవాలి, పవర్‌లోంచి ఒకటి తీసెయ్యాలి. అంతే. అది ఏం కొలుస్తుంది, ఎందుకలా వస్తుంది అన్నది సిలబస్‌లో లేదు, ఎందుకంటే ఆదివారం టెస్టులో అది అడగరు.

అసలు నష్టం ఇంటర్‌లో బయటపడింది. ఫస్టియర్‌లో సార్ లిమిట్స్ దగ్గర్నుంచి చక్కగా, ఓపిగ్గా మొదలెట్టారు. క్లాసులో సగం మంది వినలేదు. "ఇది మాకొచ్చు సార్." ఫార్ములా వచ్చు కాబట్టి పాఠం కూడా వచ్చనే నమ్మకం. ఒక విషయాన్ని తొందరపడి సగం చెప్పేస్తే జరిగేది ఇదే. పూర్తిగా చెప్పే రోజొచ్చినప్పుడు ఆ పిల్లలు వినరు. కొత్త సంగతి మొదటిసారి తెలిసినప్పుడు ఉండే ఆనందం ఒక్కసారే వస్తుంది. దాన్ని ఎనిమిదో క్లాసులో ఒక షార్ట్‌కట్‌కి ఖర్చుపెట్టేశాం.

మొన్న వేసవి సెలవుల్లో మా పిన్నివాళ్లింట్లో అరుగు మీద కూర్చుని పిల్లలకి ఒక లెక్క ఇచ్చాను. ఎకరా 40 సెంట్లలో 49 బస్తాలు పండాయి, ఎకరాకి ఎన్ని బస్తాలు పడ్డట్టు? పిన్ని కొడుకు ఏడో క్లాసు, ఫౌండేషన్. వాడు వెంటనే అడిగిన మాట, "ఆప్షన్స్ ఏంటక్కా?" తర్వాత ఏ చాప్టర్‌లోదని అడిగాడు. వాడు తెలివితక్కువవాడేం కాదు. నాలుగు ఆప్షన్లలోంచి మూడు కొట్టెయ్యడం వాడికి బ్రహ్మాండంగా వచ్చు, అది నేర్పించారు. వాళ్లక్క తొమ్మిదో క్లాసు, ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు. ఆ అమ్మాయి పెన్ను పట్టుకోలేదు. "ఎకరా నలభై అంటే 140 సెంట్లు. అందులో ఇరవయ్యిలు ఏడు. 49ని ఏడు చేస్తే ఏడు. ఇరవై సెంట్లకి ఏడు బస్తాలు. ఎకరాలో ఇరవయ్యిలు ఐదు. 35."

ఈ ఒక్క సంఘటనతో ప్రైవేటు బడి చెడ్డది, గవర్నమెంటు బడి మంచిదని నేను తేల్చట్లేదు. అసర్ సర్వే 2024 ప్రకారం గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సగం మంది కూడా లేరు. అది కూడా ఈ కథలో భాగమే. దేశంలో ఒక పక్క భాగహారం రాని ఎనిమిదో క్లాసు, ఇంకో పక్క భాగహారం మీద నమ్మకం కుదరకుండానే డిఫరెన్సియేషన్ చేస్తున్న తొమ్మిదో క్లాసు. రెండూ పునాది లేని కట్టడాలే. రెండోదానికి పేరు మాత్రం "ఫౌండేషన్".

నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకోటి. లెక్క చేసిన ఆ అమ్మాయిని ఎందుకు ఫౌండేషన్‌లో వెయ్యలేదని పిన్నిని అడిగాను. "ఇద్దరికీ ఎక్కడ కట్టగలమే? వాడికైతే కావాలి కదా, అదెట్టాగో చదువుకుంటుంది" అంది. పిన్ని చెడ్డది కాదు, చేతిలో ఉన్న డబ్బు అంతే. కానీ ముందుకెళ్లడానికి ఎవరు సిద్ధంగా ఉన్నారన్నది మన దగ్గర ఎలా నిర్ణయమవుతోందో చూడండి. లెక్కల్లో వేగంగా వెళ్లాల్సిన పిల్ల ఊళ్లో ఆగింది. నింపాదిగా నడవాల్సిన పిల్లాడు పరిగెత్తుతున్నాడు.

గింజల లెక్క

మరి లోతంటే ఏమిటి? మాటల్లో చెప్తే ఉపన్యాసంలా ఉంటుంది, అందుకే ఒక ఉదాహరణ. మన క్లబ్బుకి దగ్గరిదే. తెలుగులో తొలి గణిత గ్రంథం రాసింది పావులూరి మల్లన. మహావీరాచార్యుల సంస్కృత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి సారసంగ్రహ గణితం చేశాడు. చదరంగం గళ్ల లెక్క మీద మల్లనదిగా చెప్పుకునే పద్యం ఒకటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, అలా 64 గళ్లూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎన్ని గింజలు? జవాబు 18446744073709551615. సీఎస్ఈ వాళ్లు ఈ సంఖ్యని ఎక్కడో చూసుంటారు. 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణాంకం ఇదే. మన కంప్యూటర్ హద్దు ఎన్నో వందల ఏళ్ల కిందటే తెలుగు పద్యంలో కూర్చుందంటే నాకు భలే అనిపించింది.

ఈ లెక్కని ఏడో తరగతికి రెండు రకాలుగా చెప్పొచ్చు. మొదటిది ఫౌండేషన్ పద్ధతి. ఇది జామెట్రిక్ ప్రోగ్రెషన్. ఫార్ములా ఇదీ. ఏ విలువ ఒకటి, ఆర్ విలువ రెండు, ఎన్ విలువ 64. వేసెయ్. ఒక నిమిషంలో 2 పవర్ 64 మైనస్ 1 వచ్చేస్తుంది. తర్వాతి లెక్క.

రెండోది ఇలా. నిజంగానే గుప్పెడు వడ్ల గింజలు తెచ్చి నేల మీద గళ్లు గీసి పెట్టమనాలి. 1, 2, 4, 8. మొత్తం 15. తర్వాతి గడిలో పెట్టాల్సింది 16. ప్రతిసారీ మొత్తం, తర్వాతి గడి కంటే ఒక్కటే ఎందుకు తక్కువ? ఇక్కడ వదిలేసి పిల్లల్ని ఆలోచించనివ్వాలి. కాసేపటికి ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకోకపోతే ఒక్క గింజ చేతికిచ్చి మొదటి గడిలో వెయ్యమనాలి. అక్కడ ఒకటికి ఒకటి కలిసి రెండయ్యింది. ఆ రెండూ రెండో గడిలోకి తోస్తే అక్కడి రెండుతో కలిసి నాలుగు. ఆ నాలుగూ మూడో గడిలోకి తోస్తే ఎనిమిది. అలా తోసుకుంటూ పోతే చివరికి అన్నీ కలిసి సరిగ్గా తర్వాతి గడి అంత అవుతాయి. బయటినుంచి తెచ్చింది ఒక్క గింజ. కాబట్టి అసలు మొత్తం ఒకటి తక్కువ. అయిపోయింది. ఇదే రుజువు. ఫార్ములా లేదు, ఎక్స్ లేదు.

ఇక్కడితో ఆపక్కర్లేదు. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుందాం. 75 కిలోల బస్తాలో ఎన్ని గింజలు? 37 లక్షల 50 వేలు. అయితే చదరంగం పూర్తి చెయ్యడానికి ఎన్ని బస్తాలు కావాలి? దాదాపు 4.9 లక్షల కోట్ల బస్తాలు. కృష్ణా డెల్టా ఏం సరిపోతుంది! ఇందులో గుణకారం, భాగహారం, ఘాతాలు, అంచనా వెయ్యడం అన్నీ ఉన్నాయి. ఏడో క్లాసు దాటిన పాఠం ఒక్కటీ లేదు. కానీ సెకండియర్ డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ఇండక్షన్ చెప్పినప్పుడు ఈ పిల్లలు మనలా బిక్కమొహం వెయ్యరు, ఎందుకంటే ఆ ఆలోచన వాళ్లకి గింజలతోనే వచ్చేసింది.

నా దృష్టిలో ఇది అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్. మొదటిది అడ్వాన్స్ మ్యాథ్స్, అంటే జీతంలో అడ్వాన్స్ లాంటిది. ముందే తీసుకుంటాం, తర్వాత కోత పడుతుంది.

ఒలింపియాడ్ సంగతే చూడండి. మన వైపు ఎన్నో బోర్డుల మీద ఆ మాట ఉంటుంది. కానీ అసలైన గణిత ఒలింపియాడ్ దారి హోమీ భాభా సెంటర్ చూసేది. దాని మొదటి మెట్టు ఐఓక్యూఎం ఎనిమిదో తరగతి నుంచే రాయొచ్చు. అక్కడి నుంచి అంతర్జాతీయ పోటీ దాకా ఎక్కడా కాలిక్యులస్ అవసరం లేదు. సంఖ్యలు, ఆల్జీబ్రా, జామెట్రీ, లెక్కపెట్టే పద్ధతులు, అంతే. 2024లో ఇంగ్లండ్‌లోని బాత్‌లో జరిగిన పోటీలో మన దేశం నాలుగు బంగారు పతకాలతో నాలుగో స్థానంలో నిలిచింది. ప్రపంచంలో అతి కష్టమైన స్కూలు లెక్కల పోటీ కాలిక్యులస్ అడగకుండా నడుస్తుంటే, మనం గుడివాడలో ఎనిమిదో క్లాసుకి కాలిక్యులస్ చెప్పి దానికి ఒలింపియాడ్ బ్యాచ్ అని పేరు పెట్టుకోవడం ఏమిటో!

అయితే ఎవరినీ ముందుకి పంపకూడదా?

ఇక్కడ చాలామంది రెండో వైపు అతికి పోతారు. వయసుకి మించిన చదువే వద్దంటారు. అది నేను ఒప్పుకోను.

మా వైపు రైతుల్నడిగితే చెప్తారు, లేత నారు పీకి నాటితే నిలదొక్కుకోదు. కానీ కాలవ నీళ్లు ఆలస్యమై నారు ఆకుమడిలోనే ముదిరిపోయినా నష్టమే, నాటాక పిలకలు సరిగ్గా వెయ్యదు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లని, అన్నీ ముందే అర్థమైపోయిన పిల్లని, ఏళ్ల తరబడి అవే కూడికలు చేయిస్తూ కూర్చోబెడితే ముదురు నారే. ఆ పిల్లకి విసుగొస్తుంది, తర్వాత బడి అంటేనే అసహ్యం వేస్తుంది.

దీనికి పరిశోధన కూడా ఉంది. అమెరికాలో జూలియన్ స్టాన్లీ అనే ప్రొఫెసర్ 1971లో లెక్కల్లో అసాధారణమైన పిల్లల మీద ఒక అధ్యయనం మొదలెట్టారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకి పెద్దవాళ్లు రాసే శాట్ పరీక్ష పెట్టి ఎంచుకున్నారు. వాళ్లని దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. వేగంగా ముందుకెళ్లిన పిల్లలు మొత్తమ్మీద బాగానే రాణించారు. ఫౌండేషన్‌ని సమర్థించేవాళ్లు ఇలాంటివి చూపిస్తే నిజమే అంటాను. కాకపోతే ఆ పిల్లల్ని ముందు పరీక్షించి ఎంచుకున్నారు. ఊళ్లో ఉన్న పిల్లలందర్నీ తీసుకెళ్లి పెట్టలేదు.

టెరెన్స్ టావో పేరు వినే ఉంటారు. పదమూడేళ్లకే అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో బంగారు పతకం. ఆస్ట్రేలియాలో ఆయన చిన్నప్పటి చదువు ఎలా నడిచిందంటే, ఎలిమెంటరీ వయసులోనే లెక్కల క్లాసుకి హైస్కూలుకెళ్లేవాడు, మిగతా సబ్జెక్టులకి తన వయసు పిల్లలతోనే ఉండేవాడు. వచ్చిన సబ్జెక్టులో ముందుకి, మిగతావాటిలో మామూలుగా. దీనికి పూర్తిగా వ్యతిరేకం మన రామానుజన్ కథ. పదమూడేళ్లకే లోనీ ట్రిగనామెట్రీ పుస్తకం నమిలేసిన కుర్రాడు, పదహారేళ్లప్పుడు కార్ పుస్తకం చేతికొచ్చాక లోకం మర్చిపోయాడు. కుంభకోణం కాలేజీలో మిగతా సబ్జెక్టులు తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. తర్వాత మద్రాసులోనూ ఎఫ్.ఏ. పాసవ్వలేదు. లెక్కల్లో పది మెట్లు ముందున్నా, అన్నీ కలిపి ఒకే దస్తాగా చూసే పద్ధతి ఆయన్ని ఫెయిలన్నది. మన ఫౌండేషన్ సెక్షన్లు చేసేదీ ఆ దస్తా పనే. లెక్కల్లో చురుకైన పిల్లకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కూడా అదే వేగంతో నెత్తిన పెడతారు. బయాలజీ ఇష్టమైన పిల్లాడికి లాగరిథమ్స్ అంటగడతారు.

అందర్నీ ఆపడం కూడా పనిచెయ్యదని శాన్‌ఫ్రాన్సిస్కో చూపించింది. 2014లో అక్కడి ప్రభుత్వ బళ్లలో ఎనిమిదో తరగతికి ఆల్జీబ్రా తీసేశారు. ఉద్దేశం మంచిదే. పిల్లల్ని ముందే రెండు జాతులుగా విడగొట్టకూడదని. కానీ డబ్బున్న ఇళ్లలో పిల్లలకి బయట కోర్సులు దొరికాయి, లేనివాళ్లకే దారి మూసుకుపోయింది. పదేళ్ల గొడవ తర్వాత 2024లో బోర్డు దాన్ని వెనక్కి తెస్తామంది. ఆ ఏడాది మార్చిలో ఊరి ఓటర్లు కూడా కావాలనే ఓటేశారు. మన దగ్గర రూలు పెట్టి ఆపినా జరిగేది ఇదే. 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలిచ్చింది, పదహారేళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోవద్దని. కానీ అదే కోచింగ్‌ని బడి టైంటేబుల్లోనే కలిపి చెబితే దాన్ని కోచింగ్ అని ఎవరంటారు? బస్సులు ఆగలేదు కదా.

అడిగినవాళ్లకి ఏం చెబుదాం?

కాబట్టి నిర్ణయం మళ్లీ ఇంటికే వస్తుంది, అక్కడినుంచి మన దగ్గరికి. నేనైతే నాలుగు మాటలు చెప్తున్నాను.

ఒకటి. చేర్చేముందు పిల్లాడితో ఒక గంట కూర్చుని చూడండి. అరని పావుతో భాగిస్తే ఎంత అని అడగండి. ఫౌండేషన్ పిల్లలు రెండోదాన్ని తిరగేసి గుణించి టక్కున చెప్తారు. ఎందుకు తిరగేశావంటే నోరు తెరుస్తారు. నిజానికి తెలుగులో ప్రశ్నలోనే జవాబుంది. అరకిలోలో పావుకిలోలు ఎన్ని? మా అమ్మమ్మ కూడా రెండంటుంది. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకని అడగండి. ఒకే లెక్కని ఇంకో రకంగా చెయ్యమనండి. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు చాలా ఆలస్యంగా తెలిసిన కిటుకు ఇది. నేర్చుకున్నదాన్ని ఇంట్లోవాళ్లకి తెలుగులో చెప్పగలిగితే అర్థమైనట్టు. ఇంగ్లీషు మాటలే తిప్పి తిప్పి వస్తుంటే ఇంకా అర్థం కాలేదన్నమాట. ఇవన్నీ సరదాగా చెప్పి "ఇంకోటి అడుగు" అనే పిల్ల ఉంటే, ఆ పిల్లని తప్పకుండా ముందుకి పంపండి. అమ్మాయైనా సరే, ఊళ్లో బడిలో ఉన్నా సరే.

రెండు. పంపినా ఇష్టమైన ఒక్క సబ్జెక్టులో పంపండి. అన్ని సబ్జెక్టుల ప్యాకేజీ వద్దు.

మూడు. వెనక్కి వచ్చే దారి ఉంచండి. టర్ము చివర "కష్టంగా ఉంది" అని పిల్లాడు అనగలగాలి, అన్నందుకు ఇంట్లో తలొంచుకోకూడదు. ఒకసారి ఫీజు కట్టాం కాబట్టి పది దాకా లాగాల్సిందే అన్న లెక్కే చాలామంది పిల్లల్ని ముంచుతోంది.

నాలుగు. ఇంటర్‌లో తట్టుకోలేడన్న భయం గురించి. ఇంటర్‌లో కాళ్లు తడబడేది కాలిక్యులస్ ముందే వినలేదని కాదు. ఫ్రాక్షన్స్ దగ్గర, బ్రాకెట్లు విప్పే దగ్గర, నిష్పత్తుల దగ్గర, ప్రశ్నని చదివి ఏమడిగాడో అర్థం చేసుకునే దగ్గర. పది దాకా ఇవి గట్టిగా ఉంటే రెండేళ్లలో మిగతాది అందుకోవచ్చు. తొమ్మిదిలోనో పదిలోనో పిల్లాడే కావాలంటే అప్పుడు మొదలెట్టొచ్చు. ఐఐటీ ఒక్కటే దారి కూడా కాదు. మా వైపు నుంచి దగ్గర్లోనే నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో పెట్టిన ఆర్‌జీయూకేటీలో పది మార్కుల మీదే పల్లెటూరి పిల్లలకి ఇంజినీరింగ్ దాకా చదువు దొరుకుతోంది. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష పాసైతే ఏడాదికి 12 వేల స్కాలర్‌షిప్ ఉంది, గవర్నమెంటు బడి పిల్లలకి. మా మండలంలో దాని గురించి తెలిసిన తల్లిదండ్రుల కంటే ఫౌండేషన్ గురించి తెలిసినవాళ్లే ఎక్కువ, ఎందుకంటే స్కాలర్‌షిప్‌కి ఫ్లెక్సీలు కట్టేవాళ్లు లేరు.

ఇక మన పని. పిన్ని కూతురు లాంటి పిల్లలు ప్రతి జిల్లా పరిషత్ హైస్కూల్లోనూ ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్లని ముందుకి పంపాలంటే డబ్బులే ఉండక్కర్లేదు. ఒక గంట కూర్చునే మనిషి ఉంటే చాలు. మనలో చాలామందికి సంక్రాంతికి వారం సెలవులుంటాయి. సెలవులకి ముందో తర్వాతో ఒక్క శనివారం హెడ్మాస్టర్‌గారిని అడిగి, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి గింజల లెక్క లాంటివి నాలుగు చెప్పి రావడం పెద్ద పనేం కాదు. మన క్లబ్బు వచ్చే సంచికలో ఒక పేజీ అలాంటి లెక్కలకి ఇస్తే, అచ్చు తీసుకుని పట్టుకెళ్లొచ్చు. ఫార్ములాలు వద్దు, ఆప్షన్లు అసలే వద్దు. నా వంతుగా మొదటి పేజీ లెక్కలు నేను రాసిస్తాను. మీ ఊరి బడికి వెళ్తామన్నవాళ్లు మీ ఊరి పేరు క్లబ్బుకి పంపండి. పెదపారుపూడి నేను తీసుకుంటున్నాను.